పోరంబోకు మీద పుట్టిన ఆట

మా వైపు ఎవరినైనా పనికిమాలినవాడని తిట్టాలంటే “పోరంబోకు” అంటారు. మనిషికి అంటుకోకముందు అది నేలకు పెట్టిన పేరు. తమిళంలో పుఱం అంటే బయట. పన్ను లెక్కకు బయట ఉన్న నేల పుఱంపోక్కు. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ పుస్తకాల ద్వారా ఆ మాట మన ఊళ్ళకొచ్చింది. కొండ పోరంబోకు, వంక పోరంబోకు, మేత పోరంబోకు, శ్మశాన పోరంబోకు. మాది పెద్దకడుబూరు. ఆదోని చుట్టూ గుండు మీద గుండు పేర్చినట్టుండే గుట్టలు చూస్తూ పెరిగినవాణ్ణి. సర్కారు కాగితంలో అలాంటి గుట్టల పేరు కూడా ఇదే.

గోల్ఫ్ మీద వ్యాసానికి ఈ మాటతో ఏం పని అంటారా? గోల్ఫ్ పుట్టిందే పోరంబోకు మీద. ఆ సంగతి తెలిశాక, నేను ఉద్యోగం చేసే గచ్చిబౌలిలో రాళ్ళ గుట్టల మధ్య పరిచిన పచ్చగడ్డిని చూసే చూపు మారింది.

*

స్కాట్లాండ్‌లో సముద్రానికీ సాగుభూమికీ మధ్య ఇసుక దిబ్బల నేల ఉంటుంది. దాన్ని లింక్స్ అంటారు. నాగలి దిగదు, పంట పండదు. అందుకే అది అందరిదీ అయింది. సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్ళో జనం ఆ లింక్స్ మీద గొర్రెలు మేపేవాళ్ళు, బట్టలు ఆరేసేవాళ్ళు, కుందేళ్ళు పట్టేవాళ్ళు, తీరిక దొరికితే కర్రతో బంతిని కొడుతూ గుంతలో వేసేవాళ్ళు. గొర్రెలు కొరికిన గడ్డే వాళ్ళకు మైదానం. గడ్డి కోయడానికి మనిషి లేడు, నీళ్ళు పెట్టడానికి పైపు లేదు.

1552లో అక్కడి ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఆ నేల మీద కుందేళ్ళు పెంచుకోవాలనుకున్నాడు. దానికి ఊరి అనుమతి తీసుకుంటూ ఒక పత్రం రాసిచ్చాడు. అందులో ఊరివాళ్ళకు ఆ నేల మీద గోల్ఫ్, ఫుట్‌బాల్ వగైరా ఆటలు ఆడుకునే హక్కు ఉందని ఒప్పుకున్నాడు. ఎంత పెద్దమనిషైనా ఊరిని అడగాల్సి వచ్చింది, అడిగినట్టు కాగితం మిగిలింది. ఈ రెండు విషయాలూ గుర్తు పెట్టుకోండి, చివర్లో అవసరం పడతాయి.

1797లో ఊరి కౌన్సిల్ అప్పుల్లో మునిగి ఆ నేలను వదులుకుంది. అది కుందేళ్ళ వ్యాపారుల చేతికి పోయింది. కుందేళ్ళు మైదానమంతా తవ్విపోశాయి. ఆడేవాళ్ళూ వ్యాపారులూ కొట్లాడుకున్నారు, కోర్టులకెక్కారు. 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి, తనూ గోల్ఫ్ ఆడేవాడే, ఆ నేలను కొని ఆటను నిలబెట్టాడు. చివరికి 1894లో పార్లమెంటు చట్టంతో అది మళ్ళీ ఊరి చేతికి వచ్చింది. ప్రపంచంలో గోల్ఫ్ ఆడేవాళ్ళందరూ తీర్థంలా తలుచుకునే ఆ ఓల్డ్ కోర్సులో ఇప్పటికీ ఆదివారం మామూలుగా ఆట ఉండదు. ఆ రోజు ఊరివాళ్ళు పిల్లలతో, కుక్కలతో గడ్డి మీద నడుస్తారు. ఎవరూ ఆపరు.

*

ఆ స్కాట్లాండ్ నుంచే ఇంకొకాయన మా వైపు వచ్చాడు. 1800లో నిజాం ఇప్పటి రాయలసీమ ప్రాంతాన్ని కంపెనీకి అప్పగించాక, ఆ దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో. గ్లాస్గోలో పుట్టినవాడు. 1807 దాకా ఇక్కడ ఉండి ఊరూరా పొలాలు కొలిపించాడు. జమీందారు మధ్యలో లేకుండా రైతుకూ సర్కారుకూ నేరుగా లెక్క ఉండాలన్నది ఆయన పట్టుదల. రైత్వారీ పద్ధతి అంటే అదే. మా ఆదోని ఆ తర్వాత బళ్ళారి జిల్లాలో ఉండి, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. ఎన్ని జిల్లాలు మారినా నేల లెక్క మాత్రం ఆయన వేసిన దారిలోనే నడిచింది.

మన్రో మీద మా వైపు గౌరవం తక్కువేం కాదు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్న సీమ ఇది. 1827లో గవర్నరు హోదాలో పర్యటనకు వచ్చి, కలరా సోకి మా పక్కనున్న పత్తికొండలోనే చనిపోయాడు. సాగు చేసేవాడి పేరు కాగితంలోకి ఎక్కించడం చిన్న పని కాదు. కానీ రైతు పేరు మీద రాసిన కొలత ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మిగిలిందంతా సర్కారుదైంది. గుట్ట మీద మేకలు మేపేవాడు, కట్టెలు ఏరుకునే ఆడమనిషి, రాయి కొట్టి బతికే వడ్డెరలు, వానాకాలం పోగానే సీతాఫలాలు తెంపి గంపలో ఆదోనికి మోసుకొచ్చేవాళ్ళు, వీళ్ళెవరికీ ఆ లెక్కలో గడి లేదు. గుట్ట మీద పడ్డ వాన వంకగా మారి చెరువులోకి దిగడానికి కూడా లేదు. డేటాబేసులతో పనిచేసేవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. విలువ సున్నా కావడం వేరు, విలువ నమోదు కాకపోవడం వేరు. చదివేవాడు రెండింటినీ ఒకటిగా చదివితే తప్పు లెక్క వస్తుంది. పోరంబోకును రెండు వందల ఏళ్ళుగా సున్నా అనే చదువుతున్నాం.

మా పక్కనే మంత్రాలయం. అక్కడ అందరూ చెప్పే కథ ఒకటుంది. మఠం మాన్యాన్ని సర్కారు వెనక్కి తీసుకోవాలా అన్న విచారణకు మన్రో వచ్చాడట. బృందావనం ముందు నిలబడితే రాఘవేంద్రస్వామి ఆయన ఒక్కడికే కనబడి మాట్లాడాడట. మాన్యం నిలిచింది. చిన్నప్పుడు దాన్ని మహిమ కథగా విన్నాను. ఇప్పుడు అది భూమి కథగా వినబడుతుంది. కలెక్టరుతో మాట్లాడగలిగినవాళ్ళ నేల మిగిలింది. మేకల కాపరి తరఫున మాట్లాడటానికి ఏ బృందావనమూ లేదు.

*

చనిపోవడానికి ముందటి ఏడాది, 1826లో, మన్రో నీలగిరి కొండలెక్కి ఊటీలో జాన్ సల్లివన్ ఇంట్లో దిగాడు. కోయంబత్తూరు కలెక్టరు సల్లివన్ అప్పటికే అక్కడ ఇల్లు కట్టి, తోట వేసి, చల్లటి సీమ ఒకటి ఉందని మద్రాసు దొరలందరికీ రుచి చూపించాడు. ఆ కొండలు తోడాలవి. ఊటకమండ్ పేరు చివర ఉన్న ‘మండ్’ తోడాల పల్లెకు పేరు. వాళ్ళకు వ్యవసాయం లేదు, ఎద్దూ నాగలీ లేవు. ఎనుములు ఉన్నాయి, వాటికి గడ్డి కొండలు ఉన్నాయి. సల్లివన్ స్వయంగా చాలా భూమి సంపాదించాడు. కానీ ఆ నేల మీద తోడాలకే యాజమాన్యం ఉందని వాదించినవాడు కూడా అతనే. తర్వాత గవర్నరైన లషింగ్టన్ కాలంలో ఆ వాదన చెల్లలేదు. దున్నని నేలకు యజమాని ఎట్లా ఉంటాడు అన్న ప్రశ్న ముందు, పశువులు మేపేవాడి జవాబు ఎప్పుడూ బలహీనంగానే వినబడింది.

ఆ గడ్డి కొండల్లో పెద్ద భాగానికి తర్వాత వెన్‌లాక్ డౌన్స్ అని పేరు పడింది, 1891–96 మధ్య మద్రాసు గవర్నరుగా ఉన్న లార్డ్ వెన్‌లాక్ పేరు మీద. దొరలు అక్కడ గుర్రాలెక్కి వేటాడారు, గోల్ఫ్ ఆడారు. ఊటీ జింఖానా క్లబ్బు గోల్ఫ్ మైదానం ఆ కొండల మీదే ఉంది. మనలో చాలామందికి ఆ పచ్చటి వాలు తెలుసు, పేరు తెలియకపోయినా. పాటల్లో హీరో హీరోయిన్లు పరుగెత్తిన ‘షూటింగ్ మేడు’ ఆ డౌన్స్‌లోదే. ఎనుములు మేసిన గడ్డి మొదట ఆటస్థలమైంది, తర్వాత సినిమా సెట్టింగైంది. స్కాట్లాండ్‌లో ఊరి ఉమ్మడి నేల నుంచి పుట్టిన ఆట, మన కొండల మీదికి వచ్చేసరికి ఉమ్మడి నేలకు వేసిన కంచె అయింది.

*

ఇది దొరల కాలం సంగతి అని వదిలెయ్యడానికి లేదు. హైదరాబాదు సంగతే చూడండి.

మణికొండ, నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి పరిసరాల్లోని గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. ఆదోని గుండ్లకు దగ్గర చుట్టమే. నేను ఇక్కడికి ఉద్యోగానికి వచ్చినప్పుడు ఊరు గుర్తొచ్చింది ఈ రాళ్ళను చూసే. అయితే ఈ రాళ్ళకు కాగితం కథ వేరు. ఇవి మణికొండ జాగీరులోవి. హుస్సేన్ సాగర్ తవ్వించిన పేరున్న కుతుబ్‌షాహీల కాలపు సూఫీ హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా ఇక్కడే ఉంది. ఆ దర్గా పేరుతో ఉన్న 1,654 ఎకరాల మీద వక్ఫ్ బోర్డుకూ ప్రభుత్వానికీ ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిచింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదేనని తీర్పు చెప్పింది. అప్పటికే అక్కడ అద్దాల మేడలు లేచి చాలా ఏళ్ళయింది.

2000ల మొదట్లో ఏపీఐఐసీ ద్వారా ఇక్కడ 535 ఎకరాలతో ఒక ప్రాజెక్టు మొదలైంది. దుబాయికి చెందిన ఎమార్ సంస్థ భాగస్వామి. కన్వెన్షన్ సెంటరు, హోటలు, విల్లాలు, 235 ఎకరాల్లో 18 హోల్స్ గోల్ఫ్ కోర్సు. కన్వెన్షన్ సెంటరు 2006లో తెరిచారు. విల్లా ప్లాట్ల అమ్మకాల మీద ఆరోపణలొచ్చి 2011లో హైకోర్టు ఆదేశంతో సీబీఐ విచారణ జరిగింది. ఆ కేసు వివరాలు పత్రికల్లో బోలెడు చదివాం. నన్ను పట్టుకున్నది ఆ కోర్సుకు పెట్టిన పేరు: బౌల్డర్ హిల్స్. అంటే గుండ్ల గుట్టలు! మా వైపు రైతు విసుగ్గా అనే మాటను ఇంగ్లీషులోకి మారిస్తే సభ్యత్వ రుసుము వసూలు చేసే పేరైంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాటెయ్యడం న్యాయం కాదు. ఆ గోడ బయట రాళ్ళు మిగల్లేదు. టవరు టవరుకూ డైనమైట్లు పెట్టి పేల్చారు. 1996 నుంచి రాళ్ళ కోసం పనిచేస్తున్న ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ వాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు, కొన్ని రాళ్ళను వారసత్వ జాబితాలోకి ఎక్కించగలిగారు. గోల్ఫ్ కోర్సు లోపల మాత్రం గుండ్లు అందం కోసమైనా నిలబడ్డాయి. అంటే మణికొండ పాత రూపం కొంతైనా చూడాలంటే ఆ గడ్డి మధ్యే చూడాలి. రాయి మిగిలింది. దాని నీడలో కూర్చునే హక్కు మిగల్లేదు. పోనీ, కట్టడం కంటే గడ్డి నయం కదా అని ఒక మిత్రుడు వాదించాడు. నయమే. కానీ ఎండ కాసే చోట ఇలాంటి మైదానం రోజుకు లక్షల లీటర్ల నీళ్ళు తాగుతుంది. మురుగు శుద్ధి చేసి పోసినా సరే, ఆ నీళ్ళు ఇంకో చోటికి పోవాల్సినవే. సెయింట్ ఆండ్రూస్‌లో గొర్రెలూ సముద్రపు చినుకులూ చేసిన పనిని ఇక్కడ మోటార్లు చేస్తాయి.

అక్కడికి కాస్త దూరంలోనే గోల్కొండ నయా ఖిల్లా. మొగలుల దాడి తర్వాత 1656లో అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో కోటకు చేర్చిన భాగం. లోపల కుతుబ్‌షాహీ తోట ఆనవాళ్ళున్నాయి, వందల ఏళ్ళ నాటి బావోబాబ్ మాను ‘హతియాఁ కా ఝాడ్’ ఉంది. ఇప్పుడు ఆ గోడల మధ్య కూడా గోల్ఫ్ ఆడుతున్నారు. ఔరంగజేబు సైన్యం 1687లో గోల్కొండను, మరుసటి ఏడాది మా ఆదోనిని పట్టుకుంది. ఒకే కాలంలో పడిపోయిన రెండు కోటలు. ఒకదాని గడ్డి కత్తిరించి ఉంది. మా దాని మీద ఇప్పటికీ మేకలు ఎక్కుతాయి, శనివారం జనం రణమండల ఆంజనేయస్వామి దగ్గరికి మెట్లెక్కిపోతారు. ఎవరూ టిక్కెట్టు అడగరు. ఈ రెండింటిలో ఏది బాగా ‘అభివృద్ధి’ చెందిందో నేను చెప్పలేను, కానీ సెయింట్ ఆండ్రూస్ ఆదివారానికి ఏది దగ్గరో చెప్పగలను.

*

పెద్దకడుబూరుకు గోల్ఫ్ కోర్సు రాదు. తాగే నీటికి తుంగభద్ర కాలువ వైపు చూసే మండలం మాది. పంట లేని నెలల్లో సగం ఊరు సుగ్గికని మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతుంది, కొందరు ఇదే హైదరాబాదులో టవర్ల పనికి వస్తారు. మా గుట్టలకు వచ్చేది క్రషరు, లేకపోతే క్వారీ లీజు. రూపం వేరు, మొదలు మాత్రం ఒకటే: కాగితంలో ఒక గుట్ట ‘ఖాళీ’ అని ఉంటుంది, దాన్ని నింపడానికి ఒకరు వస్తారు.

2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూములు ఊరివేనని, ఆక్రమణలు తీసి గ్రామాలకు అప్పగించాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. తీర్పు బాగుంది. కానీ కోర్టుకు పోయినవాడు ముందు చూపించాల్సింది ఆ గుట్టను ఎవరు, ఎప్పుడు, దేనికి వాడుకున్నారన్న రుజువు. సెయింట్ ఆండ్రూస్ జనం పోగొట్టుకున్న నేలను తిరిగి తెచ్చుకోవడానికి 97 ఏళ్ళు పట్టింది, అదీ చేతిలో 1552 నాటి కాగితం ఉండగా. మా దగ్గర ఏముంది? ఏ గుట్ట మీద ఎవరి మేకలు మేస్తాయో, ఏ వంక ఏ చెరువులో పడుతుందో, ఏ బండ మీద ఏ దేవర చేస్తారో మా పెద్దవాళ్ళ నోట్లో ఉంది. అది గ్రామసభ తీర్మానాల పుస్తకంలో సర్వే నంబరుతో సహా ఎక్కాలి. నాలాంటివాళ్ళు ఫోన్లో మ్యాపు తెరిచి, ఒక ముసలి కాపరి వెనక రెండు రోజులు గుట్టలెక్కితే అయ్యే పని అది. కాపరులు మాత్రం ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.