కానుక కవరు ముందు మనస్సాక్షి

అమెరికాలోని చాలా మేత్రాసనాలలో ఏటా నవంబరు నెలలో, థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ముందు ఆదివారం, దివ్యబలిపూజలో కానుకల బుట్ట రెండోసారి తిరుగుతుంది. ఆ డబ్బు క్యాథలిక్ క్యాంపెయిన్ ఫర్ హ్యూమన్ డెవలప్‌మెంట్ అనే నిధికి వెళుతుంది. విశ్వాసులలో చాలామంది వేస్తారు. కొందరు మాత్రం డబ్బుకు బదులు, ఎందుకు ఇవ్వడం లేదో చెప్పే చీటీ వేస్తారు. అక్కడి విచారణలలో మన తెలుగు గురువులు సేవ చేస్తున్నారు, మన కుటుంబాలు పూజకు వెళుతున్నాయి. కనుక ఈ తగాదా మనకు దూరపుదేమీ కాదు.

ఈ నిధిని 1969లో అమెరికా పీఠాధిపతులు స్థాపించారు. మొదటి సేకరణ 1970 నవంబరులో జరిగింది. అన్నం పెట్టడానికి, బట్టలు పంచడానికి శ్రీసభకు వేరే సంస్థలున్నాయి. ఈ నిధి ఉద్దేశం వేరు. పేదలే కూడి తమ వాడలో అద్దెల గురించి, కూలీ గురించి, బడుల గురించి అడగగలిగేలా వారి సంఘాలకు ఊతమివ్వాలి. 1967లో ఆరవ పౌలు పోపుగారు ప్రజల అభివృద్ధి గురించి వ్రాసిన విశ్వలేఖ గాలి ఇందులో కనిపిస్తుంది. సేకరణలో నాలుగో వంతు ఆ మేత్రాసనంలోనే ఉంటుంది, మిగిలింది జాతీయ స్థాయిలో గ్రాంట్లుగా వెళుతుంది. పుచ్చుకునే సంస్థ కథోలిక సంస్థే కానక్కరలేదు, కాని శ్రీసభ నైతిక బోధకు విరుద్ధమైన పని చేయకూడదు.

చిక్కంతా ఆ చివరి మాట దగ్గరే. అద్దె ఇళ్ల కోసం పోరాడే సంఘం ఇంకో పది సంఘాలతో కలిసి నడుస్తుంది. ఆ పదింటిలో ఒకటి గర్భస్రావ హక్కు కోరేది అయితే? ఎన్నికల వేళ ఓటర్ల నమోదు చేస్తూ ఒక పార్టీ వైపు మొగ్గితే?

2008లో ఈ అనుమానాలకు పెద్ద ఆధారం దొరికింది. ఎకార్న్ అనే సంస్థ స్థాపకుని సోదరుడు చాలా ఏళ్ల క్రితమే దాదాపు 10 లక్షల డాలర్లు కాజేశాడనీ, పెద్దలు దాన్ని దాచారనీ ఆ ఏడాది బయటపడింది. అంతకు ముందు పదేళ్లలో ఈ నిధి నుంచి ఆ సంస్థ శాఖలకు 70 లక్షల డాలర్లకు పైగా వెళ్లింది. పీఠాధిపతులు సాయం ఆపేశారు. 2009లో కొన్ని కథోలిక బృందాలు సేకరణను బహిష్కరించమని పిలుపునిచ్చాయి, కొందరు పీఠాధిపతులు తమ మేత్రాసనాలలో దాన్ని ఆపారు. 2010లో నియమాలు బిగించారు, నైతిక వేదాంత పండితుని సలహా తీసుకునే ఏర్పాటు చేశారు.

బిగింపుకు వెల కట్టింది ఎవరో కూడా చెప్పాలి. 2012లో కొలరాడో రాష్ట్రం నైరుతి మూలన హిస్పానిక్ వలసకూలీలకు తోడుండే ఒక చిన్న సంస్థకు ఈ సాయం పోయింది. ఆ సంస్థ చేసిన పనిలో తప్పేమీ చూపలేదు. అది సభ్యురాలిగా ఉన్న కూటమిలో స్వలింగ సంపర్కుల హక్కుల సంస్థ ఒకటి చేరింది, అంతే. కూటమి విడిచిపెట్టమంటే వారు విడిచిపెట్టలేదు. పీఠాధిపతులు తమ నియమం ప్రకారమే నడిచారు, దాన్ని కాదనలేం. కాని ఆ కూలీకి కలిగిన నష్టం కూడా లెక్కలోకి రావాలి.

నైతిక వేదాంతం ఇక్కడ పనికొచ్చే తేడా ఒకటి నేర్పింది. దొంగ పనిని తానూ కోరి తోడుపోయినవాడు వేరు, ఆ పని కోరకపోయినా నిచ్చెన పట్టినవాడు వేరు, ఏమీ తెలియక ఆ దొంగకే మధ్యాహ్నం భోజనం పెట్టినవాడు వేరు. ముగ్గురి బాధ్యతా ఒకటి కాదు. కవరులో పది డాలర్లు వేసిన విశ్వాసి ఎక్కువసార్లు మూడోవాని దగ్గరే ఉంటాడు. అతణ్ణి పాపి అనడం తప్పు. అయితే తెలిశాక కూడా తెలియనట్టు ఉండమని అతనికి చెప్పడమూ తప్పే.

ఇవ్వనివాడు అవిధేయుడా? కాడని మా అభిప్రాయం. 1983 నాటి శ్రీసభ చట్టం 212వ నియమం, శ్రీసభ మేలు గురించి తమ అభిప్రాయం కాపరులకు తెలిపే హక్కు, ఒక్కోసారి బాధ్యత కూడా, విశ్వాసులకు ఉందంటుంది. 1267వ నియమం ప్రకారం, ఒక ఉద్దేశంతో ఇచ్చిన కానుకను ఆ ఉద్దేశానికే వాడాలి. అంటే ఇచ్చేవానికి ఎక్కడికి వెళుతుందో తెలియడం న్యాయం. పౌలుగారు యెరూషలేము పేదల కోసం కానుకలు పోగుచేసినప్పుడు, నింద రాకుండా తనతో ఇతరులను కూడా పంపించారు. ఆ జాగ్రత్త ఆయన్ను ఎవరూ అనుమానించకముందే తీసుకున్నది. 2012లో పదహారవ బెనెడిక్ట్ పోపుగారు కూడా దాతృత్వ సేవల మీద పీఠాధిపతుల పర్యవేక్షణ గురించి ప్రత్యేక ఆదేశమే ఇచ్చారు.

ఇక మనస్సాక్షి. రెండవ వాటికన్ మహాసభ దాన్ని మనిషి దేవునితో ఒంటరిగా ఉండే చోటని గౌరవించింది. సత్యాన్ని వెదకడం మానుకున్నవాని మనస్సాక్షి మొద్దుబారుతుందని అక్కడే హెచ్చరించింది కూడా. మాకు బాధ కలిగించే సంగతి ఇదే. ఎవరో పంపిన వాట్సాప్ సందేశం చూసి కవరు మూసేసేవారు కొందరు. గ్రాంట్ల జాబితా ఏటా ప్రకటిస్తారు, దాన్ని ఒక్కసారీ తెరవరు. అటువైపు, ప్రశ్న అడిగినవారిని పేదల విరోధులని ముద్రవేసేవారూ తక్కువేం కాదు. అపోస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో గ్రీకు మాటలాడే విధవల వాటా గురించి సణుగుడు వచ్చినప్పుడు, శిష్యులు సణిగినవారిని గద్దించలేదు. ఏడుగురిని ఎన్నుకుని పని అప్పగించారు.

2024 జూన్‌లో ఈ నిధి సిబ్బందిలో పలువురిని తొలగించారు. ఇక ముందు అది ఏ రూపంలో నడుస్తుందన్న చర్చ అప్పుడు జరిగింది. కవరు వేయలేమని అనుకునే మన వారికి మేము చెప్పేది ఇంతే. జాబితా తెప్పించుకోండి. మీ మేత్రాసనంలో నిలిచే నాలుగో వంతు ఎవరికి వెళ్లిందో విచారణ గురువును అడగండి. అభ్యంతరం ఏ సంస్థ మీదనో పేరుపెట్టి పీఠాధిపతికి ఉత్తరం వ్రాయండి. ఇవ్వని పది డాలర్లను మాత్రం జేబులో వేసుకోకండి. 222వ నియమం సాంఘిక న్యాయాన్ని పెంచే బాధ్యతనూ, సొంత రాబడిలోంచి పేదలను ఆదుకునే బాధ్యతనూ విశ్వాసులందరి మీదా పెట్టింది. ఆ వాక్యంలో బుట్ట ప్రస్తావన లేదు.