ఎముకలు కొలిచిన మన నూజివీడు విద్యార్థి

మామిడి కోతలు ముగిసి తోటలు ఖాళీ అయ్యేసరికి నూజివీడు వైపు కొన్ని ఇళ్ళలో సూట్‌కేసులు సర్దడం మొదలవుతుంది. అబ్బాయో అమ్మాయో ఎమ్మెస్‌కి బయలుదేరుతుంటారు. ఏ యూనివర్సిటీ, ఖర్చెంత, ఉద్యోగం వస్తుందా అని అందరూ అడుగుతారు. అక్కడ ఎవరి దగ్గర, ఏ పని నేర్చుకుంటావని అడిగేవాళ్ళు తక్కువ. ఆ ప్రశ్న విలువ తెలియాలంటే, చిన్నప్పుడు ఈ ఊళ్ళో బడికెళ్ళిన ఒక పిల్లవాడి సంగతి చెప్పుకోవాలి.

ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకానికి సి.ఆర్.రావు. 1920 సెప్టెంబరు 10న హడగళిలో పుట్టారు. తండ్రిది పోలీసు ఉద్యోగం. ఊళ్ళు మారుతూ గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువు సాగింది. తల్లి లక్ష్మీకాంతమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే అయ్యాక కలకత్తా చేరి, 1941లో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో అడుగుపెట్టారు.

పేరు తెచ్చిన పరిశోధన పత్రం 1945లోనే వచ్చేసింది. చేతిలో ఉన్న సమాచారంతో వేసే అంచనాలో తేడా ఎంతకంటే తగ్గదో చెప్పే ‘క్రామర్-రావు’ హద్దు అందులోదే. అప్పటికి ఆయన విదేశం మొహం చూడలేదు.

1946లో కేంబ్రిడ్జి మ్యూజియం నుంచి పిలుపొచ్చింది. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో బయటపడిన పాతకాలపు అస్థిపంజరాలు వాళ్ళ దగ్గర పడి ఉన్నాయి. ఆ మనుషులు ఏ జాతులకు దగ్గరో తేల్చాలి. అందుకు మహలనోబిస్ కనిపెట్టిన లెక్క కావాలి, అది తెలిసినవాళ్ళు కలకత్తాలో ఉన్నారు. రావు వెళ్ళింది ఆ పని మీద. ఇది నాకు చాలా ఇష్టమైన ఘట్టం. మనకు తెలిసిన విద్య వాళ్ళకు అవసరమైంది!

అక్కడే కింగ్స్ కాలేజీలో చేరి, స్టాటిస్టిక్స్‌కు పెద్దదిక్కైన ఆర్.ఎ.ఫిషర్ దగ్గర పీహెచ్‌డీకి కుదిరారు. ఫిషర్ షరతు పెట్టారు: తన జన్యుశాస్త్ర ప్రయోగశాలలో ఎలుకల మీద పనిచేయాలి. ఒకపక్క ఎముకల కొలతలు, మరోపక్క ఎలుకల పెంపకం. గణితం చదివినవాడికి ఇవేం పనులని ఆయన అనుకోలేదు. జీవుల్ని కొలతలతో వర్గీకరించడమే సిద్ధాంత వ్యాసమైంది, 1948లో పీహెచ్‌డీ వచ్చింది. ‘స్కోర్ టెస్ట్’ అనే గణాంక పద్ధతి మీద పత్రం కూడా ఆ ఏడాదిదే. పైచదువుకు పరాయి దేశం వెళ్తే దొరికే అసలైన లాభం ఇదని నా నమ్మకం: ఇంట్లో ఎదురుకాని సమస్య, ఊరికే వదలని గురువు.

అదే ఏడాది కలకత్తా తిరిగొచ్చి, మూడు దశాబ్దాలు అక్కడే పాఠం చెప్పారు. 2007లో గణితంలో ఏబెల్ బహుమతి అందుకున్న ఎస్.ఆర్.ఎస్.వరదన్ ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేశారు. రావు అమెరికాలో స్థిరపడింది ఆ మూడు దశాబ్దాల తర్వాతి మాట. 1945 నాటి పనికి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. ఆ ఆగస్టు 22న, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మన పిల్లలూ వెళ్ళాలి, తప్పకుండా వెళ్ళాలి. ఈ ఏడు సూట్‌కేసులో ఆవకాయ సర్దే ముందు వాళ్ళని కూర్చోబెట్టి అడగండి: ఇక్కడినుంచి ఏ విద్య పట్టుకెళ్తున్నావు, అక్కడ ఎవరి దగ్గర కూర్చుంటావు?