పెద్ద వయసులో పోరాట క్రీడలు

కుస్తీ, బాక్సింగ్, జూడో వంటి క్రీడల్లో చాలామంది బరి వదిలే వయసు దాటాక కూడా పోటీకి దిగేవారిని వెటరన్లు అంటారు. కుస్తీలో ఈ విభాగం 35వ ఏట, జూడోలో 30వ ఏట మొదలవుతుంది.

చరిత్ర

ఉపఖండంలో పేరెన్నికగన్న ఉదాహరణ గామా పహిల్వాన్. 1910లో లండన్‌లో పోలండ్ మల్లుడు స్టానిస్లాస్ జిబిస్కోతో ఆయన పట్టు రెండున్నర గంటలు సాగినా ఫలితం తేలలేదు. 1928లో పటియాలాలో మళ్లీ తలపడేనాటికి ఇద్దరికీ యాభై దగ్గరపడింది. గామా నిమిషంలోపే గెలిచాడు.

బాక్సింగ్‌లో, 1994లో 45 ఏళ్ల జార్జ్ ఫోర్‌మన్ పాయింట్లలో వెనకబడి కూడా, 26 ఏళ్ల మైకేల్ మూరర్‌ను పదో రౌండ్‌లో పడగొట్టి హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. అది అరుదైన విజయం. 2024 నవంబరులో 58 ఏళ్ల మైక్ టైసన్, 27 ఏళ్ల జేక్ పాల్‌తో రెండేసి నిమిషాల ఎనిమిది రౌండ్లు ఆడి పాయింట్లతో ఓడిపోయాడు.

దక్షిణాదిలో

వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు (1882–1942) గామాకు సమకాలికుడు. తెలుగునాట ఆయన బలం గురించి నేటికీ చెప్పుకుంటారు. హైదరాబాద్ పాతబస్తీ తాలీంలలో (కుస్తీ శిక్షణశాలల్లో) వయసు మీరిన పహిల్వాన్‌కు దక్కేది ఉస్తాద్ స్థానం. కుర్రవాళ్లకు పట్లు నేర్పడం ఆయన పని. కేరళలోని వడకరలో మీనాక్షి అమ్మ డెబ్బై దాటాక కూడా కత్తీ డాలూ పట్టి కలరిపయట్టు ప్రదర్శించారు. 2017లో ఆమెకు పద్మశ్రీ దక్కింది.

ప్రమాదాలు, నిబంధనలు

వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోతుంది. దాన్ని పైపొరతో కలిపే సన్నని సిరలు సాగి, తలకు దెబ్బ తగిలితే తెగే ముప్పు పెరుగుతుంది. గాయాలు మానడమూ ఆలస్యమవుతుంది. అందుకే వెటరన్ పోటీల్లో వయసును బట్టి జోడీ కడతారు. కుస్తీ, జూడోల్లో దాదాపు ఐదేళ్లకొక విభాగం ఉంటుంది. బాక్సింగ్‌లో ముందస్తు వైద్య పరీక్ష తప్పనిసరి. అమెచ్యూర్ బాక్సింగ్‌లో 40 దాటినవారికి ఎలీట్ అంతర్జాతీయ పోటీల్లో చోటు లేదు. బాక్సర్ మేరీ కోమ్ 2024 జనవరిలో ఈ నిబంధననే ప్రస్తావించారు.

పెద్దవారిని బరిలో నిలబెట్టేది ధైర్యం ఒక్కటే కాదు, ఈడుకు తగిన జోడీ కూడా. ఇలాంటి పోటీలకు తగిన వేదిక కూడా కావాలి. హైదరాబాద్ యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం ఉంది. అలాంటి వేదికల మీద, వైద్యుల పర్యవేక్షణలో వెటరన్ పోటీలు క్రమం తప్పకుండా జరగడం ఈ క్రీడలకు మేలు చేస్తుంది.