ఒక్క పంక్తిలో ఎక్కాల పట్టిక

నల్లగొండ జిల్లా కట్టంగూరు బడిలోనైనను, మరి యే బడిలోనైనను, ఎక్కములు వల్లించని విద్యార్థి యుండడు. ఒకటి మొదలు తొమ్మిది వరకు గల ఎక్కములను పట్టికగా వ్రాయవలెనన్న 81 గళ్లు నింపవలెను. ఆ పనినే కంప్యూటరుకు ఈ చిన్న పంక్తితో చెప్పవచ్చును:

(⍳9)∘.×⍳9

ఇందు ⍳9 అనగా 1 నుండి 9 వరకు గల సంఖ్యల వరుస. నడుమ నున్న గుర్తు, ఒక వరుసలోని ప్రతి సంఖ్యను రెండవ వరుసలోని ప్రతి సంఖ్యతోను గుణింపుమని చెప్పును. పట్టిక యంతయు ఒక్కమారుగా ఏర్పడును. ఈ భాష పేరు ఏ.పి.ఎల్. ఇంత పొదుపైన వ్రాత ఎట్లు పుట్టినది? దానిని నేర్చుటలో చిక్కు ఎక్కడ నున్నది?

దీనిని కల్పించిన కెన్నెత్ ఐవర్సన్ 1920లో కెనడా దేశమున ఆల్బర్టా ప్రాంతములో జన్మించెను. అది రైతు కుటుంబము. ఆర్థిక మాంద్యపు రోజులలో తొమ్మిదవ తరగతితో బడి మాని, పొలము పనులలో ప్రవేశించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనిక సేవలో నుండి, తపాలా పాఠముల ద్వారా ఉన్నత పాఠశాల చదువు సాగించెను. 1954లో హార్వర్డు విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొంది, అచ్చటనే అధ్యాపకుడయ్యెను. గణనక్రమములను విద్యార్థులకు వివరించుటకు వాడుకలోనున్న గణిత సంకేతములు చాలకపోవుటచే, ఆయన క్రొత్త సంకేతములను కూర్చుకొనెను. అనగా ఈ భాష మొదట యంత్రముకొరకు పుట్టలేదు. పాఠము చెప్పుటకు పుట్టినది. 1960లో ఆయన ఐ.బి.ఎం. సంస్థలో చేరెను. 1962లో ఆ సంకేతములను వివరించు గ్రంథము వెలువడెను. 1966లో సహచరుల కృషివలన అవి కంప్యూటరుపై పనిచేయు భాషగా రూపొందెను. 1979లో ఐవర్సనుకు ట్యూరింగ్ బహుమానము లభించెను.

ఈ భాషను నేర్చువాడు ముందుగా ఆలోచనారీతిని మార్చుకొనవలెను. కట్టంగూరులో ఒక విద్యార్థి అయిదు దినముల వానను మిల్లీమీటర్లలో కొలిచి 12, 0, 7, 25, 6 అని వ్రాసికొనెననుకొందము. 10 మిల్లీమీటర్లకు మించి వాన కురిసిన దినము లెన్ని? సాధారణముగా ఒక్కొక్క సంఖ్యను చూచి, అది పదికి మించినచో లెక్కలో ఒకటి చేర్చి, తరువాతి దానికి పోవుదుము. అనేక కంప్యూటరు భాషలలో ప్రోగ్రాములు ఇట్లే వ్రాయుదురు. ఏ.పి.ఎల్.లో ఇట్లు వ్రాసిన చాలును:

+/10<12 0 7 25 6

దీని పనిని కుడి వైపునుండి గమనింపవలెను. 10< అను భాగము అయిదు సంఖ్యలను ఒకేసారి పదితో పోల్చును. మాట నిజమైనచోట 1, కానిచోట 0 వచ్చును: 1 0 0 1 0. తరువాత +/ వాని నన్నిటిని కూడును. జవాబు 2. సంఖ్యల నొకటొకటిగా కాక, వరుసనంతను ఒకే వస్తువుగా చూచుట ఇందలి రహస్యము.

రెండవ చిక్కు క్రమమునకు సంబంధించినది. 3×2+4 అన్నచో బడిలో జవాబు 10, ఏ.పి.ఎల్.లో 18. ఈ భాషలో గుర్తులు చాల ఎక్కువ. వానిలో ఏది ముందు, ఏది వెనుక అని జ్ఞాపకముంచుకొనుట కష్టము. అందుచే గుణకారమునకు సైతము పెద్దరిక మీయక, కుడివైపు దానిని ముందు చేయవలెనని ఐవర్సన్ అన్నిటికిని ఒకే నియమము పెట్టెను.

మూడవ చిక్కు గుర్తులే. అవి మామూలు కీబోర్డుపై కనబడవు. కావున 1990లో ఐవర్సన్, రోజర్ హుయి కలిసి సామాన్య గుర్తులతోనే నడచు జె అను భాషను రూపొందించిరి. అయినను ఇంత క్లుప్తత మేలా కీడా యను వివాదము తీరలేదు. ప్రఖ్యాత కంప్యూటరు శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1975లోనే ఏ.పి.ఎల్.ను తీవ్రముగా విమర్శించెను. తొందరపడి కూర్చిన పంక్తిని కొన్నాళ్లకు వ్రాసినవాడే విప్పుకొనలేకపోవచ్చును.

తెలుగువారికి గణితమున క్లుప్తత క్రొత్త కాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పద్యము కంఠస్థమైనంతనే లెక్క రాదు. గురువు విప్పి చెప్పవలెను. శిష్యుడు చేసి చూడవలెను. ఏ.పి.ఎల్. పంక్తియు అట్టిదే. కుడినుండి ఒక్కొక్క మెట్టు ఫలితమును కాగితముపై వ్రాసి చూచిన, మొదట చిక్కుముడిగా తోచినది సులభముగా విడిపోవును.

అట్లు విప్పుట వచ్చిన విద్యార్థికి క్లుప్తత ఫలము వెంటనే తెలియును. వాన పడని దినము లెన్నియో కావలెనన్న, పై పంక్తిలో 10< తీసి 0= ఉంచిన చాలును. జవాబు ఎంత వచ్చునో, యంత్రముతో పనిలేకయే, పలకపై చేసి చూడవచ్చును.