క్యూసెక్కులు లెక్కించిన ప్రతినిధి
డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు – కృష్ణా డెల్టా

మహాభారతమున సభాపర్వమందు నారదమహర్షి ధర్మరాజు కొలువునకు వచ్చి రాజ్యక్షేమము విచారించును. ఆ ప్రశ్నలలో చెరువులను గూర్చిన ప్రశ్న ఒకటి, వాననే నమ్ముకొనని సేద్యమును గూర్చిన ప్రశ్న ఒకటి కలవు. రాజులు పోయినను ఆ ప్రశ్నలు పోలేదు. అవి నేడు ప్రజాప్రతినిధుల నడుగవలసినవి. కృష్ణా డెల్టావంటి నదీమాతృక సీమలో వానికి బదులు చెప్పుటకు వాక్చాతుర్యము చాలదు, నీటి లెక్క తెలియవలెను. ఆ లెక్క తెలిసి పార్లమెంటున కూర్చుండినవారు డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు.

వీరు 1902 జులై 15వ తేదీన కృష్ణాజిల్లా కంకిపాడున జన్మించిరి. చిన్ననాటనే ఒక కంటి చూపు పోయినను చదువు విడువలేదు. మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు పట్టము పొంది, పిదప ఇంగ్లండున బర్మింగుహాం విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును గ్రహించిరి. స్వదేశమునకు మరలి, గోదావరిపై పోలవరము కడ తలపెట్టిన రామపాదసాగరమునకు నమూనాలు తయారుచేయుటలో పాల్గొనిరి. 1950 తరువాత ఢిల్లీలో కేంద్రప్రభుత్వ కొలువున నుండిరి. 1962లో విజయవాడ ఓటర్లు వారిని లోక్‌సభకు పంపిరి. 1967లోను, 1971లోను మరల వారినే పంపిరి. 1963 మొదలు 1973 వరకు కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖలను నిర్వహించిరి. తమ స్వీయచరిత్రకు "క్యూసెక్కుల అభ్యర్థి" యని అర్థము వచ్చు ఆంగ్లనామము నుంచుకొనిరి. ఆ పేరే వారి రాజకీయము.

క్యూసెక్కనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఒక క్యూసెక్కు చొప్పున రాత్రింబవళ్లు పారిన కాలువ 86,400 ఘనపుటడుగుల నీటినిచ్చును. ఎకరము 43,560 చదరపుటడుగులు గనుక, ఆ నీరు దాదాపు రెండెకరములలో అడుగు లోతున నిలుచును. నూరుకోట్ల ఘనపుటడుగులైనచో ఒక టీ.ఎం.సీ. ఈ చిన్న లెక్క వచ్చిన రైతును ఏ ఉపన్యాసకుడును మోసగింపజాలడు.

కృష్ణపై బెజవాడ కడ 1852లో ప్రారంభించిన ఆనకట్ట 1855 నాటికి పూర్తియై, కరవుసీమను అన్నపూర్ణగా మార్చెను. దాదాపు నూరేండ్లు నిలిచిన ఆ కట్ట 1952 వరదలో తెగెను. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి ఏర్పడెను. అయితే బ్యారేజి నీటిని కాలువలకు మళ్లించునేగాని సంవత్సరమునకు సరిపడ నిలువచేయునది కాదు. డెల్టా కష్టమంతయు ఇందులోనే యున్నది. రైతునకు నీరు జూన్‌లో నారుమళ్లకు కావలెను. నదికి పెద్ద వరద జులై, ఆగస్టు మాసములలో గాని రాదు. నారు ఆలస్యమైన నాట్లు ఆలస్యమగును. నాట్లు ఆలస్యమైన కోతలు తుపానుల వాత బడును. ఇక కాలువ చివరనున్న శివారు రైతు సంగతి చెప్పనేల? పై ఊళ్లవారికి నిండిన తరువాతగదా వాని వంతు!

ఇట్టి స్థితిలో ఎగువను నాగార్జునసాగరము వచ్చెను. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. మెట్ట ప్రాంతములు తడియుట ఎల్లరకు సంతోషమే. కాని పైన కొత్త ఆయకట్టు పెరిగినకొలది క్రింది పాత ఆయకట్టు గతియేమి యను శంక డెల్టావాసులకు కలుగుట సహజము. లక్ష్మణరావుగారి చిక్కు ఇచ్చటనే. వారు డెల్టా బిడ్డలు, డెల్టా ఓటర్ల ప్రతినిధులు. అయినను దేశమునకంతకు మంత్రులు. మా నీరు మాకేయని కేకవేసిన చప్పట్లు మ్రోగెడివి. వారు మెట్టకు నీరు కాదనలేదు, పల్లమునకు హక్కు వదలలేదు. సాగరమునకును బ్యారేజికిని నడుమ పులిచింతల కడ మరియొక జలాశయము కావలెనని పట్టుబట్టిరి. సాగరము దిగువను వాగులు, ఉపనదులు తెచ్చు వరద సముద్రము పాలుగాక అచ్చట నిలిచిన, జూన్ నారుమళ్లకు ఎగువవారి దయకై ఎదురుచూడ నక్కరలేదని వారి యుక్తి.

నీరు లేమి యొక కష్టమైతే నీరు పోలేమి మరియొకటి. 1964 వరదల తరువాత మిత్రాగారి అధ్యక్షతన నిపుణులసంఘ మేర్పడి డెల్టా మురుగుపారుదలను పరిశీలించెను. 1968లో రాష్ట్రమున మురుగు సెస్సు చట్టము వచ్చెను. పూడిక తీయని మురుగుకాలువ యెంత పగయో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినపుడు మరల తెలిసివచ్చెను.

కృష్ణాజలముల తగవు తీర్చుటకు 1969లో బచావతుగారి ట్రిబ్యునలు ఏర్పడెను. ఆంధ్రప్రదేశమునకు 800 టీ.ఎం.సీ.లును, అందు కృష్ణా డెల్టాకు 181.20 టీ.ఎం.సీ.లును నిర్ణయమయ్యెను. సుమారు 13 లక్షల ఎకరములకు పంచిచూచిన ఎకరమునకు మూడడుగులకు కొంచెము పైగా వచ్చును. కాలువలలో ఇంకునది, ఎండకు ఆవిరియగునది పోగా మిగిలినదే పైరునకు. హక్కు కాగితముపై నిలిచెను. కాని జూన్ మాసపు నీరు కాగితముపై నిలువదు. లక్ష్మణరావుగారు 1986 మే 18న కీర్తిశేషులైరి. పులిచింతల 2013 డిసెంబరున గాని ప్రారంభము కాలేదు. దానికి వారి పేరే పెట్టిరి. దాని నిలువ 45.77 టీ.ఎం.సీ.లు, అనగా డెల్టా వంతులో నాలుగవపాలు. ఆ నీటి క్రింద నల్లగొండ, గుంటూరు జిల్లాల పల్లెలు మునిగినవి. డెల్టా రైతు నారుపోయునపుడెల్ల ఊళ్లు విడిచిన ఆ కుటుంబముల ఋణము తలపునకు రావలెను.

1972లో వారు గంగను కావేరితో కలుపు 2,640 కిలోమీటర్ల కాలువను ప్రతిపాదించిరి. వ్యయమును, నీటిని పైకెత్తుటకు కావలసిన విద్యుత్తును చూచి అది పక్కకు పోయినది. కాని 2015లో పట్టిసీమనుండి గోదావరి నీరు కృష్ణను చేరి డెల్టా కాలువలలో పారినది. యౌవనమున తాము నమూనాలు గీసిన గోదావరి తీరమే తమ కృష్ణా రైతుల దాహము తీర్చునని వారు ఆనాడు ఊహించిరో లేదో!

గ్రంథాలయమునకు వచ్చు పాఠకమహాశయులారా! ఇకముందు ఓట్లడుగ వచ్చువారిని నారదునివలె ప్రశ్నింపుడు. ఎన్ని క్యూసెక్కులు? ఏ నెలలో? శివారు తూమునకు చేరునా? మురుగు ఏ దారిని పోవును? ఈ నాలుగింటికి అంకెలతో బదులు చెప్పువాడే డెల్టాకు ప్రతినిధి.