గడియ పడని తలుపు

"గుండెలో రంధ్రం" అన్న మాట చెవిన పడితే చాలు, ఇంటిల్లిపాదీ హడలిపోతారు. మా హోసూరు వైపు తెలుగువాళ్ళం "గుండెలో బొక్క" అంటాం, పక్కింటి తమిళులు "ఓట్టై" అంటారు. భయం మాత్రం అందరిదీ ఒకటే. ఆడపిల్ల విషయమైతే ఆ భయం పెళ్ళి సంబంధం దాకా పోతుంది. కాని గుండెలో రంధ్రాలన్నీ ఒక జాతివి కావు. సుమారు నలుగురిలో ఒకరికి ఉండేది, ఉన్నట్టు తెలియకుండానే నిండు నూరేళ్ళూ బతకనిచ్చేది ఒకటుంది. దాన్ని వైద్యులు పేటెంట్ ఫొరామెన్ ఓవేల్, పొట్టిగా పి.ఎఫ్.ఓ. అంటారు. ఇక్కడ పేటెంట్ అంటే హక్కుపత్రం కాదండోయ్, మూతపడనిది అని అర్థం. ఫొరామెన్ ఓవేల్ అంటే లాటిన్ భాషలో కోడిగుడ్డు ఆకారపు రంధ్రం.

కడుపులోని బిడ్డ ఊపిరి పీల్చదు. ప్రాణవాయువంతా మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా వచ్చే రక్తంలోనే అందాలి. ఆ రక్తం గుండె కుడి కర్ణికకు చేరుతుంది. ఊపిరితిత్తులతో ఇంకా పని పడలేదు గనుక, అందులో చాలా భాగం రెండు కర్ణికల నడిమి గోడలోని సందు గుండా నేరుగా ఎడమ కర్ణికలోకి దాటిపోతుంది. ఆ సందుకు ఎడమవైపున పలచని పొర ఒకటి తలుపులా ఉంటుంది. బావి మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు చూసే ఉంటారు, నీటిని ఒక్క వైపుకే పోనిస్తుంది. ఇదీ అలాంటిదే. బిడ్డ పుట్టి కేరుమనగానే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. వాటి నుంచి వచ్చే రక్తంతో ఎడమ కర్ణికలో ఒత్తిడి పెరిగి తలుపు గోడకు ఆనుకుంటుంది. తరువాత నెమ్మదిగా అతుక్కుపోతుంది. కొందరిలో ఆనుకుంటుంది గాని అతుక్కోదు. వాళ్ళు గట్టిగా దగ్గినా, ముక్కినా కుడివైపు ఒత్తిడి క్షణకాలం పెరిగి తలుపు కాస్త తెరుచుకుంటుంది. మనం "రంధ్రం" అని బెదిరేది దీనికే.

క్రీస్తుశకం రెండవ శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు గేలెన్ ఈ సందును గుర్తించాడు. పుట్టిన తరువాత అది మూసుకుపోతుందనీ రాశాడు. చిత్రమేమిటంటే, అదే గేలెన్ కింది గదులైన జఠరికల నడిమి గోడలో కంటికి కనబడని సన్నని రంధ్రాలున్నాయని కూడా చెప్పాడు. అవి లేనే లేవు! ఉన్న రంధ్రాన్ని సరిగ్గా చూసిన మనిషే లేని రంధ్రాలను ఊహించాడు, వైద్యలోకం వాటిని పద్నాలుగు వందల ఏళ్ళు నమ్మింది. 1628లో విలియం హార్వే రక్తప్రసరణను నిరూపించాక గాని ఆ నమ్మకం పూర్తిగా సడలలేదు.

పెద్దవారిలో ఈ తలుపు వల్ల కీడు జరగగలదని చూపినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు యూలియుస్ కోన్‌హైమ్. మెదడు ధమనికి గడ్డ అడ్డుపడి చనిపోయిన 35 ఏళ్ళ స్త్రీ ఉదంతాన్ని ఆయన 1877లో ప్రకటించాడు. గడ్డ పుట్టింది కాలి సిరలో. కాలి సిరలో గడ్డ మామూలుగా గుండె కుడివైపుకు వచ్చి ఊపిరితిత్తుల్లో చిక్కుకోవాలి గాని మెదడుకు ఎక్కే దారి లేదు. ఆమె గుండెలో మాత్రం మూడు వేళ్ళు దూరేంత సందు ఉంది. గడ్డ ఆ దారిన ఎడమవైపుకు దాటింది.

ఆ తరువాత వందేళ్ళపాటు ఇది అరుదైన వింతగానే మిగిలింది, ఎందుకంటే బతికున్న మనిషిలో ఆ సందును చూసే సులువైన సాధనం లేదు. 1984లో అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు శవపరీక్ష చేసిన 965 మామూలు గుండెలను పరిశీలిస్తే నూటికి 27 గుండెల్లో తలుపు అతుక్కోలేదని తేలింది. అల్ట్రాసౌండ్ కూడా తోడైంది. ఉప్పునీటిని బాగా గిలకొట్టి చేతి సిరలోకి ఎక్కిస్తారు. అందులోని బుడగలు కుడి కర్ణిక నుంచి వెంటనే ఎడమకు దాటితే తలుపు తెరుచుకుంటున్నట్టే. 1988లో ఫ్రాన్సు వైద్యులు 55 ఏళ్ళలోపు పక్షవాతం వచ్చిన 60 మందిని ఇలా పరీక్షించారు. నూటికి 40 మందిలో ఈ సందు కనబడింది, పోల్చి చూసిన ఆరోగ్యవంతుల్లో పదిమందికే.

ఇంకేం, మూసేద్దామన్నారు! తొడ సిర గుండా సన్నని గొట్టం పంపి, గొడుగులాంటి చిన్న పరికరంతో సందును బిగించవచ్చు. ఉత్సాహం ఎంత పెరిగిందంటే, పార్శ్వపు తలనొప్పికీ ఇదే మందన్నారు. 2008లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో కొందరికి పరికరం అమర్చి, కొందరికి అమర్చినట్టు నటించారు. తలనొప్పి పూర్తిగా పోయినవారు అటు 74 మందిలో ముగ్గురు, ఇటు 73 మందిలో ముగ్గురు! పక్షవాతం విషయంలో కూడా 2012, 2013లలో వచ్చిన ఫలితాలు లాభాన్ని తేల్చలేకపోయాయి. 2017లో పరిస్థితి మారింది. ఫ్రాన్సులో జరిగిన ఒక పరిశోధనలో 60 ఏళ్ళలోపువారిని, పక్షవాతానికి వేరే కారణం దొరకనివారిని, తలుపు పెద్దదిగానో వదులుగానో ఉన్నవారిని మాత్రమే ఏరి తీసుకున్నారు. సందు మూసిన 238 మందిలో సుమారు ఐదేళ్ళలో ఒక్కరికీ పక్షవాతం తిరిగి రాలేదు. రక్తం గడ్డకట్టకుండా మందులు మాత్రమే వాడిన 235 మందిలో 14 మందికి వచ్చింది. అయితే పరికరం పెట్టినవారిలో గుండె లయ తప్పడం కొంత ఎక్కువగా కనబడింది. ఊరికే వచ్చే లాభం ఏదీ లేదు కదా.

కాబట్టి పక్షవాతం ఎన్నడూ రానివారికి, వేరే పరీక్షలో అనుకోకుండా ఈ సందు బయటపడితే, సాధారణంగా వైద్యులు దాని జోలికి పోరు. ముప్పై ఏళ్ళ మనిషికి ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా సంగతి వేరు. గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి తిప్పకుండా, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి చేర్చాలి. ప్రాణవాయువు అందక మెదడు చచ్చిపోతున్న సమయమది. సందు సంగతి ఆ తరువాత.

మరొక్క మాట. రిపోర్టులో పి.ఎఫ్.ఓ. అని ఉందా, ఏ.ఎస్.డి. అని ఉందా చూసుకోండి. ఏ.ఎస్.డి.లో తలుపు అతుక్కోకపోవడం కాదు, గోడే కొంత ఏర్పడి ఉండదు. దాని గుండా రక్తం రేయింబవళ్ళూ ఎడమ నుంచి కుడికి పారుతూ ఉంటుంది. రంధ్రం పెద్దదైతే ఏళ్ళ తరబడి ఆ భారం మోసి గుండె కుడి భాగం ఉబ్బిపోతుంది. అలాంటిదాన్ని వేళకు మూయించుకోవాలి. రెండింటినీ కలిపి "గుండెలో బొక్క" అనేస్తున్నాం గనుక, పెళ్ళిచూపుల మాట అటుంచి, ముందు డాక్టరుగారిని ఏది ఏదో అడిగి రాయించుకోండి.