సీడీ డ్రైవు తప్పేం లేదు

నల్గొండలో గానీ పాలమూరులో గానీ 2000 తర్వాత పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళ ఇళ్ళల్లో బీరువా తెరిచి చూడండి, పట్టుచీరల కింద ఓ సీడీ కనబడొచ్చు. వీడియో క్యాసెట్ల రోజులు పోయి, ఫోటో స్టూడియోల వాళ్ళు సీడీలు చేతిలో పెట్టిన కాలమది. ఇప్పుడవి ఆడక "డ్రైవు పోయింది" అని డ్రైవునీ, "సీడీ పోయింది" అని సీడీనీ పారేస్తున్నారు. అందులో చనిపోయిన తాతల మొహాలుంటాయి. కాస్త ఆగండి.

ఫిలిప్స్, సోనీ కలిసి తయారుచేసిన సీడీ 1982 అక్టోబరులో జపానులో అమ్మకానికొచ్చింది, అదీ పాటల కోసం. దానిమీద వరుసకీ వరుసకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. అంటే తలవెంట్రుక మందంలో సుమారు 40 వరుసలు పడతాయి! సన్నటి తీగల మీద తేలే ఓ బుల్లి కటకం ఆ వరుస తప్పకుండా నడవాలి. దానిమీద మావైపు దుబ్బ పడితే లేజరు మసకబారుతుంది. నోటితో ఊదితే తుంపర్లు కూడా తోడవుతాయి (ఊదనివాళ్ళెవరు లెండి!).

ఇంత సున్నితమైనది అన్నేళ్ళు ఎలా పనిచేసిందంటే, రీడ్, సోలమన్ అనే ఇద్దరు 1960లో రాసిన గణితం వల్ల. యురేనస్ దగ్గర్నుంచి వాయేజర్-2 పంపిన ఫోటోలని కాపాడింది కూడా ఆ లెక్కలే. సీడీ మీద రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం పోయినా అవి పూడ్చేస్తాయి. కాకపోతే 1993లో వీసీడీ వచ్చినప్పుడు 74 నిమిషాల సినిమా పట్టించడానికి డేటా సీడీలకుండే అదనపు రక్షణని తీసేశారు. మన పెళ్ళి వీడియోలు చాలావరకు ఆ బాపతే.

ఇంకో సంగతి. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వాళ్ళు 28 రూపాయలకి అమ్మిన సినిమా వీసీడీ ఇప్పటికీ ఆడొచ్చు, వేలు పోసి తీయించిన పెళ్ళి సీడీ ఆడకపోవచ్చు. మొదటిది అచ్చు గుద్దింది, దానిలో నిజంగా గుంటలుంటాయి. రెండోది రంగు పొరని లేజరుతో కాల్చి రాసింది. ఎండకీ వేడికీ ఆ రంగు వెలిసిపోతుంది.

మెరిసే వైపు గీతలు పడతాయని మనవాళ్ళు సీడీని బోర్లా కాకుండా బొమ్మ కిందికి ఉండేలా పెట్టేవాళ్ళు. అసలు సమాచారముండేది బొమ్మ కిందే, పల్చటి లక్క పూత చాటున. మెరిసే వైపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కవచముంది!

పాత ఎక్స్‌పీ కంప్యూటరైతే అనుమానం డ్రైవు మీదికి పోకూడదు. చదవడంలో ఆరుసార్లు తేడా వస్తే ఎక్స్‌పీ వేగం తగ్గించుకుంటూ పోయి చివరికి డీఎమ్‌ఏ వదిలేసి పీఐఓ పద్ధతికి దిగుతుంది, మళ్ళీ తనంతట తను ఎక్కదు. బొమ్మ ఆగాగి ఆడుతుంది. డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానెల్ తీసేసి కంప్యూటర్ని మళ్ళీ ఆన్ చేస్తే చాలు. ఆ రోజుల్లో దీనికోసం కొత్త డ్రైవులు కొన్నవాళ్ళెందరో!

"డీవీడీలు చదువుతోంది కదా, డ్రైవు బాగానే ఉంది" అనుకోవడం కూడా కుదరదు. డీవీడీకి ఒక లేజరు, సీడీకి ఇంకోటి. ఒకటి పోయి రెండోది బతికుండొచ్చు.

ఒక డ్రైవు చదవనిది ఇంకోటి చదువుతుంది. పాత సామాన్ల కొట్లో రెండు మూడు రకాలవి తెచ్చి, తక్కువ వేగంలో ప్రయత్నించండి. చదివిందంటే వెంటనే కాపీ చేసెయ్యండి. స్టూడియో వాళ్ళంటించిన కాగితం స్టిక్కరు వంకరగా ఉండి సీడీ ఊగుతున్నా సరే, దాన్ని మాత్రం పీకొద్దు. దాంతోపాటు వెండి పొర కూడా ఊడొస్తుంది.